నాలుగు నక్షత్రాల గోడకుర్చీ

మా అల్లుడు నరహరి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పటం ఉంటుంది. దేవుడిది కాదు, ప్రశ్నలది. బడి నుంచి వచ్చిన పిల్లను ఏమేం అడగాలో, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వేయాలో రంగురంగుల అక్షరాలతో రాసి, నీళ్లు పడ్డా చెడకుండా పైన ప్లాస్టిక్ తొడిగించాడు. "బడి ఎట్లున్నది?" అని మాత్రం అడగకూడదట. అట్లా అడిగితే పిల్లలు "బాగున్నది" అని ఊరుకుంటారట. ఈ సంగతి కనిపెట్టడానికి మా అల్లుడికి ఆరేళ్లు పట్టింది. కనిపెట్టినందుకు డాక్టరు పట్టా కూడా వచ్చింది.

నరహరి పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. ఆరో ఏటనే కాచిగూడలో ఒక ఇంగ్లీషు బడి హాస్టల్లో వేశారు. ఇప్పుడు యూనివర్సిటీలో, పాఠం చెప్పేవాళ్లకు పాఠం ఎట్లా చెప్పాలో పాఠం చెప్తాడు. మా బిడ్డ వనజ హబ్సిగూడలో ఒక సైన్సు సంస్థలో ఉద్యోగం చేస్తుంది. గాజు గొట్టంలో ఏముందో వాసన కూడా చూడకుండా చెప్పగలదు. వాళ్లకు ఒక్కతే పిల్ల, సింధూజ. నాలుగో తరగతి. ఆ పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవడానికే ఇంత సరంజామా.

నేను తార్నాకకు వచ్చింది కంట్లో పొర తీయించుకోవడానికి. తీసిన తర్వాత దుమ్ములోకి పోవద్దు, బరువు ఎత్తవద్దు, నెల రోజులు ఇక్కడే ఉండమన్నాడు డాక్టరు. అవతల పత్తి ఏరే కాలం. నేను లేకుంటేనే పని తొందరగా అవుతుందని మా భూదేవి ఫోన్లో ధైర్యం చెప్పింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నాకు చెప్పిన ధైర్యాలన్నీ ఇట్లాంటివే. సరే, నల్ల కళ్లద్దాలు పెట్టుకొని ఉండిపోయాను.

ఉన్నందుకు నాకొక పని ఇచ్చారు. మూడున్నరకు బడికి పోయి సింధూజను తీసుకురావాలి. బడి యూనివర్సిటీకి అవతలి అంచున, ఇల్లు ఇవతల తార్నాకలో. మధ్యలో క్యాంపస్ రోడ్డు, చెట్ల నీడ, అరగంట నడక. ఆ అరగంటకు కూడా అల్లుడు ఒక చీటీ రాసిచ్చాడు. దాని మీద ఆరు ప్రశ్నలు. ఒక కంటికి మసక, ఇంకో కంటికి చత్వారం అని చెప్పి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఆరున్నరకు హాల్లో కార్యక్రమం మొదలయ్యేది. అందరూ చాప మీద కూర్చోవాలి. పెద్దవాళ్లు పిల్ల కంటే ఎత్తులో కూర్చుంటే పిల్ల మనసు విప్పదట. ఇవాళ నీ గులాబీ ఏంటి, అంటే బాగా అనిపించింది ఏంటి. నీ ముల్లు ఏంటి. రేపటి మొగ్గ ఏంటి. సింధూజ చాప కొస గిల్లుతూ చెప్పేది. గులాబీ, లంచ్. ముల్లు, ఏం లేదు. మొగ్గ, రేపటి లంచ్. నరహరి దాన్ని తేదీ వేసి నోటుబుక్కులో రాసుకునేవాడు. మూడు నెలలుగా ఆ పుస్తకంలో పులిహోర, టమాటా అన్నం, మళ్లీ పులిహోర. ఎవరైనా తెరిచి చూస్తే వంటల పుస్తకం అనుకుంటారు.

మొదట్లో ఇట్లా లేదని వనజ అన్నది. బడి తెరిచిన కొత్తలో అన్నీ చెప్పేదట. ఉన్నట్టుండి మానేసిందట. ఆ వయసులో అంతేనని పుస్తకాల్లో ఉందట.

నేనేమీ అడగలేదు. అడగడం నాకు పెద్దగా రాదు. ఎద్దును కొనేటప్పుడు ఎవరూ ఎద్దును ప్రశ్నలు అడగరు. నడిపించి చూస్తారు. నేను పిల్ల నడకే చూశాను.

బడి ముందు పదకొండు మెట్లు. పిల్లలందరూ రెండేసి మెట్లు దూకుతూ వస్తారు. సింధూజ మాత్రం పక్క కమ్మి పట్టుకొని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, మా భూదేవి మోకాళ్ల నొప్పులతో దిగినట్టు దిగేది. ఆమె నీలి అంగీ వెనక, రెక్కల ఎముకల దగ్గర, సున్నం అంటి ఉండేది. మోచేతులకు లేదు, ముందు లేదు, వీపుకే. శుక్రవారం మాత్రం అంగీ శుభ్రంగా ఉండేది. ఇంకొక సంగతి. ఇంటికి వచ్చాక నా కంట్లో చుక్కలు వేసేది ఆ పిల్లే. స్టూలు ఎక్కి, నా రెప్ప పైకెత్తి, సరిగ్గా ఒక్క చుక్క వేస్తుంది. చేయి కొంచెం కూడా వణకదు. కాళ్లు వణుకుతాయి.

వీపు మీద సున్నం దులిపేవాణ్ని. ఆ పిల్ల ఏమీ అనేది కాదు, నేనూ ఏమీ అనేవాణ్ని కాదు. మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఒక ఆదివారం అన్నం తింటుంటే నరహరి ఫోను పట్టుకొని సంబరంగా వచ్చాడు. ఆ బడికి ఒక యాప్ ఉంది. పిల్లలు ఏ గంటలో ఏం చేశారో సార్లు అందులో నింపాలి. గడి ఖాళీ పెడితే ఎర్ర గీత పడుతుందట, సార్లకు సంజాయిషీ అడుగుతారట. సింధూజ పేరు కింద, శారీరక ఆరోగ్యం అనే గడిలో, 'వాల్ సిట్, పదిహేను నిమిషాలు' అని ఉంది. పక్కన నాలుగు నక్షత్రాలు. ఆ గడిలో క్లాసు మొత్తానికి సింధూజే ఫస్ట్. ఇచ్చింది లెక్కల సారు, భానుప్రకాశ్.

లెక్కల సారు కసరత్తు చేయించడం ఏందని వనజ అడిగింది. ఇప్పుడు అన్నీ కలిపే నేర్పుతారని, దాన్ని సమగ్ర విద్య అంటారని నరహరి వివరించాడు. వనజ ఊరుకుంది. గాజు గొట్టం అయితే ఊరుకునేది కాదు.

వాల్ సిట్ అంటే ఏందని నేను అడిగాను. వచ్చిన తర్వాత నేను అడిగిన మొదటి ప్రశ్న కాబట్టి అల్లుడు మురిసిపోయి చేసి చూపించాడు. ఫ్రిజ్ పక్కన గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, కింద కుర్చీ లేకున్నా ఉన్నట్టు కూర్చున్నాడు.

"జిమ్‌ల చేయిస్తరు మామా. తొడలకు మస్తు మంచిది," అన్నాడు. నేను మనసులో నలభై లెక్కపెట్టేలోపు తొడలు అదిరి చతికిలబడ్డాడు. లేచి దులుపుకుంటూ, "చూసినవా, నాతోనే కాలే. నా బిడ్డ పదిహేను నిమిషాలు చేస్తున్నది," అన్నాడు.

నా బిడ్డ బిడ్డ పళ్లెంలోకి చూస్తున్నది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. అందులో ఒక ఏడాది చదువు గోడకుర్చీ మీదే అయ్యింది. ఎక్కం తప్పితే మా పంతులు వేయించేవాడు. చూసేవాళ్లకు కూర్చున్నట్టే ఉంటుంది. వేసేవాడికి మాత్రం తొడల్లో నిప్పులు పోసినట్టు ఉంటుంది. లేస్తే బెత్తం, పడితే ఇంకో పది నిమిషాలు. ఈ సంగతి మా అల్లుడికి తెలియదు. ఆయన చదివిన హాస్టల్లో తప్పు చేస్తే ఒకే వాక్యం వందసార్లు రాయించేవారట. అందుకే ఇప్పటికీ అంత బాగా రాస్తాడు.

మరునాడు బడి నుంచి వస్తూ క్యాంపస్ రోడ్డు మీద జామకాయలు కొన్నాను. కల్వర్టు గోడ మీద కూర్చొని ఉప్పూ కారం అద్దుకొని తింటున్నాం. సింధూజ కాళ్లు చాపుకొని పిక్కలు ఒత్తుకుంటూ నా వైపు చూసింది.

"తాతా, నువ్వెందుకు ఏమడగవు?"

"అడిగితే లంచ్ గురించి చెప్తవు. నాకు ఆకలయితది."

పిల్ల నవ్వింది. కాసేపు జామకాయ నమిలి, గింజలు ఉమ్మి, "నీకు గోడకుర్చీ ఎరుకేనా?" అన్నది.

ఎరుకేనని, నీకంటే ఎక్కువ కాలమే కూర్చున్నానని చెప్పాను. అప్పుడు చెప్పింది. వరుసగా, తొందర లేకుండా, కాయ తింటూ చెప్పింది.

జూలైలో ఒక సాయంత్రం చాప మీద కూర్చున్నప్పుడు, లెక్కల సారు చివరి గంటలో పిల్లల చేత ఎక్కాలు చదివిస్తూ నిద్రపోతాడని, చదవడం ఆపితే లేస్తాడని, అందుకని తామంతా సారు లేవకుండా చిన్నగా చదువుతామని నవ్వుతూ చెప్పిందట. నరహరి పొంగిపోయాడట. తన పటం అంత బాగా పనిచేసిన మొదటి రోజు అది. నా బిడ్డ పరిశీలన చూడండి అని ఆ రాత్రే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పక్కన చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ. తెల్లవారేసరికి ఆ చప్పట్లు భానుప్రకాశ్ సారుకు వినపడ్డాయి.

అది ఇంగ్లీషు మీడియం బడి. పాఠం ఇంగ్లీషులో చెప్తారు, తిట్టడం మాత్రం తెలుగులోనే. అందుకే పిల్లకు ఆ మాట వచ్చింది, తండ్రికి రాలేదు. సారు ఏమన్నాడో సింధూజ ఆయన గొంతుతోనే అని చూపించింది.

"మంచిగ చూస్తవట గద. గోడకుర్చీ ఎయ్యి, గాడికెల్లి ఇంక మంచిగ కనపడ్తది."

అప్పటి నుంచి లెక్కలున్న ప్రతి రోజూ చివరి గంటలో పదిహేను నిమిషాలు గోడకే. శుక్రవారం లెక్కలు లేవు. యాప్ గడి నింపాలి కాబట్టి సారు దానికొక ఇంగ్లీషు పేరు పెట్టాడు. పనికి పని, గడికి గడి. తండ్రికి చెప్పవచ్చు గదా అన్నాను.

"డాడీ మల్ల గ్రూప్‌ల పెడ్తడు. అప్పుడు అర్ధగంట అయితది." నా చెయ్యి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఎవ్వలికి చెప్పనని ఒట్టు పెట్టు తాతా."

పెట్టాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం పిల్లలకు వచ్చు. పెద్దవాళ్లు మనుమరాలి నెత్తి మీద వేసిన ఒట్టును ఎక్కడా పెట్టలేరు.

బుధవారం ఆరో మెట్టు మీద ఆ పిల్ల కాలు మడతపడి కూలబడింది. లేపుతుంటే, "ఇయ్యాల ఇరవై అయ్యింది," అని గుసగుసగా అన్నది. సారుకు ఐదో నక్షత్రం కూడా ఇద్దామని ఉన్నట్టుంది. ఆ సాయంత్రం వనజ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన నిలబడ్డాను. నోటి దాకా వచ్చింది. ఏంది నాయినా అని అడిగింది. చిక్కుళ్లు లేతగా ఉన్నయని చెప్పి వచ్చేశాను. బడికి పోయి నేనే సారును నిలదీద్దామంటే, గేటు దగ్గర నా మెడలో వేసే కార్డు మెట్ల దాకే పనిచేస్తుంది. నిలదీసినా, నేను ఊరికి పోయిన మరునాడు ఆ బాకీ పిల్ల తొడల మీద తీర్చుకుంటాడు. గడువు ఇంకా పది రోజులు. కన్ను బాగవుతోంది. బాగయ్యే కొద్దీ అన్నీ కనపడుతున్నాయి.

శనివారం క్యాంపస్‌లో నరహరి పెట్టిన శిక్షణ. ఊర్ల నుంచి అరవై మంది సర్కారు బడి సార్లు, మేడములు వచ్చారు. 'మనసు విప్పే మాట' అని వేదిక వెనక గోడకు బ్యానరు కట్టారు. వచ్చినవాళ్లందరికీ టిఫిను, ఒక సంచి, ఒక పెన్ను ఇచ్చారు. టిఫిను బాగుంది, పెన్ను రాయలేదు. పద్ధతిని కళ్లారా చూపించడానికి సింధూజను వేదిక మీదికి ఎక్కించారు. చాప కూడా ఇంటి నుంచి తెచ్చారు. వనజకు ఏదో ప్రయోగం మధ్యలో ఉందని రాలేదు. నేను చివరి వరసలో కూర్చున్నాను.

నరహరి గంటన్నర చెప్పాడు. పిల్లలు ఎందుకు మాట్లాడరో బొమ్మలతో, గీతలతో చూపించాడు. మాట్లాడని పిల్ల పక్కనే కూర్చొని ఉంది, ఆ సంగతి ఏ గీతలోనూ లేదు. తర్వాత చాప మీద కూర్చొని, కాలరు మైకు సర్దుకొని, ఇవాళ నీ గులాబీ ఏందమ్మా అని అడిగాడు.

"లంచ్," అన్నది సింధూజ.

లంచ్ ఇంకా కాలేదు. సార్లు నవ్వాపుకున్నారు. నరహరికి చెమట పట్టింది. ముల్లు అడిగాడు. ఏం లేదన్నది. పిల్లలు అన్నీ మాటలతోనే చెప్పరని, ఒక్కోసారి శరీరంతో చెప్తారని మాట మార్చాడు. ఉదాహరణకు తన బిడ్డ వాల్ సిట్‌లో క్లాస్ ఫస్ట్ అని, ఇంట్లో రోజూ ఇట్లా అడగడం వల్లనే ఆ ఆత్మవిశ్వాసం వచ్చిందని చెప్పాడు. ఎవరికైనా సందేహాలుంటే అడగండి అన్నాడు. అరవై మందీ గడియారం వైపు చూశారు.

నేను చెయ్యి ఎత్తాను. నా ఒట్టు చెప్పొద్దనే ఉంది. అడగొద్దని లేదు.

"అల్లుడా, ఆ వాల్ సిట్టు ఏందో ఈ సార్లకు గూడ ఒక్కసారి చేసి చూపియ్యరాదు."

నరహరికి ప్రాణం లేచి వచ్చింది. చేతులు ముందుకు చాపి, బ్యానరు కింద గోడకు ఆని, లేని కుర్చీలో కూర్చున్నాడు. మూడో వరసలోంచి వీరస్వామి అనే సారు లేచాడు. తల నెరిసింది, వచ్చే ఏడాది రిటైర్ అవుతాడట.

"సారూ, గది గోడకుర్చీ గద. గింత పెద్ద సారువు, ఏం తప్పు చేసినవ్?"

హాలంతా నవ్వింది. వెనక వరస మేడములు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నరహరి కూడా నవ్వబోయాడు.

"గోడ... ఏంది?" అన్నాడు గోడకు ఆనుకొనే.

వీరస్వామి సారు చెప్పాడు. ఆయన గొంతులో ఎగతాళి పోయింది. వెనుకట పిల్లలకు వేయించేవారని, తానూ వేసుకున్నాడని, తానూ వేయించాడని, ఇప్పుడు చట్టం ఒప్పుకోదని, ఊరి బళ్లల్లో మానేసి చాలా ఏళ్లయిందని చెప్పాడు. రెండు నిమిషాలు దాటితే పిల్లలు మెట్లు దిగలేరని కూడా చెప్పాడు.

నవ్వులు ఆగిపోయాయి. నరహరి మాత్రం గోడకే ఆని ఉన్నాడు. మెల్లగా తల తిప్పి చాప మీది పిల్లను చూశాడు. సింధూజ ఆయనను సూటిగా చూస్తున్నది. ఆయన తొడలు అదరడం చివరి వరస దాకా కనపడింది. అయినా లేవలేదు. ఎందుకు లేవలేదో నేను అడగలేదు. అదురుతూ అదురుతూ, వీపు గోడకు రాసుకుంటూ కిందికి జారి, పిల్ల ఎదురుగా నేల మీద పడ్డాడు. పిల్ల కంటే ఎత్తులో కూర్చోకూడదన్న నియమం ఆ రోజు సరిగ్గా అమలైంది.

"రోజూనా?" అని అడిగాడు. చాలా చిన్నగానే అడిగాడు కానీ మైకు కాలరుకే ఉంది. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న అది. పటంలో అట్లాంటి వాటి మీద ఎర్ర అడ్డగీత ఉంటుంది.

"ఫ్రైడే ఉండదు," అన్నది సింధూజ.

లంచ్ కొంచెం ముందే ఇచ్చారు.

మేం ముగ్గురం నడిచి బయలుదేరాం. నరహరి కుంటుతున్నాడు. సింధూజ నా పక్కకు వచ్చి, నువ్వు చెప్పినవా తాతా అని గుసగుసగా అడిగింది. నేనేం చెప్పలేదని, అడిగానని అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఒట్టు పోలేదని తేల్చింది.

కల్వర్టు దగ్గర కూర్చున్నాం. నరహరి జేబులోంచి ఫోను తీశాడు. అప్పటికే వేళ్లు గ్రూపు తెరుస్తున్నాయి. అంతలో పిల్ల వైపు చూశాడు. సింధూజ పెదవులు బిగించుకొని మళ్లీ పిక్కలు ఒత్తుకుంటున్నది. ఆయన ఫోను తీసి నా అంగీ జేబులో వేశాడు, నేను చదవని ఆ చీటీ పక్కన.

"నన్నేం చెయ్యమంటవ్ సింధూ?"

ఇది కూడా పటంలో లేదు. పిల్ల ఒక జామకాయ తినేంతసేపు ఆలోచించింది. సారును తిట్టొద్దు, ఉత్తరాలు రాయొద్దు, గ్రూప్‌లో పెట్టొద్దు అని షరతులు వరసగా చెప్పింది. తర్వాత అన్నది.

"యాప్‌ల కరెక్ట్ పేరు రాయుమను. గంతే."

సోమవారం తండ్రీ తల్లీ ఇద్దరూ బడికి పోయారు. ప్రయోగం ఆపి మరీ వచ్చింది వనజ. పెద్ద మేడం ముందర భానుప్రకాశ్ సారును ఒక్కటే కోరారట. నక్షత్రాలు అట్లాగే ఉండనివ్వండి, నిమిషాలు కూడా ఉండనివ్వండి, పేరు మాత్రం తెలుగులో గోడకుర్చీ అని రాయండి. యాప్‌లో తెలుగు అక్షరాలు ఉన్నాయి. గ దగ్గర సారు వేలు ఆగిపోయిందట. పెద్ద మేడం ఫోను తీసుకొని నిమిషాలు కూడింది. జూలై నుంచి కూడింది. ఆమె కూడా ఊరి బడిలో చదువుకున్న మనిషే అయి ఉండాలి. సారును చివరి గంటలో కూర్చోనివ్వడం లేదని తర్వాత తెలిసింది. నిలబడే చెప్తాడట. కాళ్లు నొస్తున్నాయని సింధూజ ఒక్కదాని మీదే కాదు, పిల్లలందరి మీదా విసుక్కుంటాడట. అది పరవాలేదట, అందరికీ సమానమే కదా అన్నది సింధూజ.

ఆ గడిలో ఫస్ట్ ర్యాంకు మాత్రం పోగొట్టుకుంది. ఇంట్లో ఎవరూ బాధపడలేదు. మెట్లు ఇప్పుడు రెండేసి దూకుతున్నది. నేనే కమ్మి పట్టుకొని దిగుతున్నాను.

ఫ్రిజ్ మీది పటం పోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది. 'పిల్లల ముందు మౌనంగా ఉండుట: తొమ్మిది మెట్లు' అని. వచ్చే నెల శిక్షణకు నన్ను ఉదాహరణగా రమ్మన్నాడు. పత్తి ఉందని చెప్పాను.

ఊరికి బయలుదేరే ముందు రోజు సాయంత్రం, క్లాసులో కొత్తగా వచ్చిన పిల్ల టిఫిన్ డబ్బాలోకి ఉడుత దూరిన సంగతి సింధూజ ముప్పావు గంట చెప్పింది. ఉడుత ఎట్లా పరుగెత్తిందో చాప చుట్టూ పరుగెత్తి చూపించింది. నరహరి తొమ్మిది మెట్లలో ఏడు దాకా నిలదొక్కుకున్నాడు. ఎనిమిదో దగ్గర చెయ్యి నెమ్మదిగా నోటుబుక్కు వైపు పాకింది.

సింధూజ కథ ఆపలేదు. ఆపకుండానే ఫ్రిజ్ పక్కన గోడ వైపు వేలు చూపించింది.

చెయ్యి వెనక్కి వచ్చింది.